మంచు మీద విమానం నీడ

ఈ సంగతి ఇన్నేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. వినాల్సినవాళ్ళెవరూ వినలేదు. మేనేజరు గదిలో నిలబడి చెబితే ఆయన ఫోను చూసుకుంటూ "మాఫీ ముష్కిల్" అన్నాడు, ఏం ఫర్వాలేదు అన్నట్టు. ఫర్వా ఎవరికి లేదో నేను అడగలేకపోయాను. కువైట్‌లోని మనవాళ్ళ సంఘంలో చెప్పబోతే మీటింగయ్యాక మాట్లాడదామన్నారు. మీటింగయ్యాక లైట్లు ఆర్పి ఎవరి కార్లు వాళ్ళెక్కారు. నేనేదీ మరిచిపోలేదు.

నేనూ, మా అక్క భర్తా సబ్‌హాన్‌లో హోర్డింగులు ముద్రించే షెడ్డులో పనిచేసేవాళ్ళం. మాది రాయచోటి పక్క. నేను మెషిన్ దగ్గర ఉండేవాణ్ణి. బావ, ముద్రించిన షీట్లను తీసుకెళ్ళి బోర్డులకు అతికించే జట్టులో ఉండేవాడు. విమానాశ్రయం దగ్గరే కావడంతో విమానం లేచిన ప్రతిసారీ బావ తలెత్తి చూసేవాడు. అది ఎక్కడికి పోయేదైనా సరే, "ఇది మనూరికే పోతాంది" అనేవాడు.

ఒక ఏడాది మే నెలలో పెద్ద కంపెనీ ఒకటి మాకు పని ఇచ్చింది. షుఐబా రేవు దగ్గర వాళ్ళ గేటు ముందున్న బోర్డు నిండా ఒకే ఫొటో పెట్టాలి. ఉత్తరాన గడ్డకట్టిన సముద్రాన్ని చిన్న విమానంలోంచి తీసిన ఫొటో అది. దాన్ని చదరపు ముక్కలుగా ముద్రించాం. ఫొటో తీసినావిడ రంగులు చూసుకోవడానికి స్వయంగా షెడ్డుకొచ్చింది. నెరిసిన జుట్టు, ఎండకు కందిపోయిన ముక్కు. ఆవిడ ఇంగ్లీషులో చెబితే ఫోర్‌మన్ మాకు హిందీలో చెప్పాడు.

ఏటా ఒకే దారిలో ఎగిరి ఒకే చోట ఫొటోలు తీస్తుందట. కొన్నేళ్ళు అటూ ఇటూ అయినా, అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుపు తగ్గుతోందట. తెల్లటి మంచు ఎండను వెనక్కి పంపేస్తుంది. మంచు కరిగినచోట బయటపడిన నల్లటి నీళ్ళు ఆ ఎండను తాగి వేడెక్కి, పక్కనున్న మంచును కూడా కరిగిస్తాయి. అక్కడి వేడి అక్కడితో ఆగదని కూడా చెప్పింది.

బావ ఫొటో మీదికి వంగి, "నెర్రెలిడిసిన మన చేనుమీద ఉప్పు సల్లినట్టుంది" అన్నాడు. తర్వాత తన ఒంటిమీది కవరాల్ పట్టుకుని చూసుకున్నాడు. కంపెనీ మాకు ఇచ్చినవన్నీ ముదురు నీలమే.

"అయితే బామ్మర్దీ, మనకీ గుడ్డలు కుట్టిచ్చినోనికి ఆయమ్మ చెప్పిన పాఠం ఎవురూ చెప్పల్యా."

మేం నవ్వితే ఫోర్‌మన్ ఏమిటని అడిగాడు. బావ హిందీలో, తెల్లవి ఇప్పించమని అడిగాడు.

"తెల్లవి వేసుకుంటే నిన్ను డాక్టరనుకుని జనం వరస కడతారు. యల్లా, పని చూడు."

అప్పుడు బావ కూడా నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆ ఫొటోలో ఒక ముక్క మీద ఆవిడ ఎక్కిన విమానం నీడ పడింది. అరచేయంత నీడ, ముక్కు కిందివైపు. మిగతాదంతా తెలుపు, మధ్యలో నల్లటి పగుళ్ళు. దేనికీ పైనా కిందా తెలియదు. ముక్కల వెనక బాణం గుర్తులుంటాయి. బావ ఆ ముక్క బాణం చూశాడు గానీ, తప్పు పడిందనుకున్నాడు.

"దిగిపోయే ఇమానాన్ని యాడన్నా బోర్డుకెక్కిస్తారా? లేస్తాండాల గదా" అని, దాన్ని తిప్పి ముక్కు పైకి పెట్టి అతికించాడు.

అలా అతికించిన ఆ రోజు నేనూ సాయం వెళ్ళాను. ఆ సాయంత్రమే బోర్డు ముందు కంపెనీవాళ్ళ కార్యక్రమం. పొద్దు నడినెత్తికొచ్చే వేళకు ఆవిడ, మేనేజరు కారు దిగారు. ఒక ముక్కలో పగుళ్ళు పక్క ముక్కలతో కలవడం లేదని ఆవిడ చూసింది. మేనేజరుతో ఏదో అంది. నాకు వినిపించలేదు. మేనేజరు ఫోర్‌మన్‌తో అన్నాడు. ఫోర్‌మన్ మా దగ్గరికొచ్చి ఆ ముక్క వెంటనే సరిచేయమన్నాడు.

"కార్యక్రమం సాయంత్రం కదా, ఎండ తగ్గాక చేస్తాం" అన్నాను.

"పైనుంచి చెప్పారు. ఇప్పుడే."

జూన్ వస్తే మధ్యాహ్నం బయట పని చేయించకూడదని నియమం. అది మే నెల. బావ చెప్పులు కింద విడిచి, చేతులకూ పాదాలకూ గుడ్డలు చుట్టుకుని, కాలిపోతున్న ఇనుప గొట్టాలు పట్టుకుని ఎక్కాడు. బంక ఇంకా ఆరలేదు కాబట్టి ముక్క ఊడొచ్చింది. తిప్పి అతికించి పైనుంచి కేకేశాడు.

"బామ్మర్దీ, ఇమానం దిగింది. సరిపాయనా సూడు."

సరిపోయిందన్నాను. పగుళ్ళన్నీ కలిశాయి. బావ దిగొచ్చి వ్యాను నీడలో కూలబడ్డాడు. ముట్టుకుంటే ఒళ్ళు పొయ్యిలా ఉంది, చెమట చుక్క లేదు. "చలేస్తాందిరా" అన్నాడు. తర్వాత మా అక్క పేరు పెట్టి నన్ను పిలిచాడు. ఆసుపత్రికి చేర్చాక మాట్లాడలేదు. కార్యక్రమం మొదలయ్యేలోపే పోయాడు.

డెత్ సర్టిఫికెట్‌లో గుండె ఆగిందని రాశారు. చచ్చినవాడి గుండె ఆగక ఏం చేస్తుంది? ఎండ అన్న మాట అందులో ఎక్కడా లేదు.

మర్నాడు బోర్డు కింద విడిచిన అతని చెప్పులకోసం వెళ్ళాను. ఎవరో ఒకతను బోర్డును ఫొటో తీసుకుంటున్నాడు. "అడ్డం వస్తున్నావు, జరుగు" అన్నాడు. చెప్పులు పట్టుకుని జరిగాను.

అక్క ఫోనులో ఏడుస్తూ ఒక్కటే అడిగింది. "అబ్బీ, సాయంత్రందాకా తాళింటే ఏమయ్యేదంట?"

నేనదే ఫోర్‌మన్‌ను అడిగాను. మేనేజర్ని అడగమన్నాడు. మేనేజరు, పని ఇచ్చినవాళ్ళ మాట అన్నాడు. వాళ్ళ గేటు దగ్గర, ఫొటో తీసినావిడ కోరిందన్నారు. ఆవిడకు ఇంగ్లీషు వచ్చినవాళ్ళతో రాయించాను. జవాబు లేదు. ముక్క తప్పుంది అని మాత్రమే ఆవిడ అని ఉండొచ్చు. ఇప్పుడే అని ఆవిడ అందో లేదో నాకు తెలియదు. ఆ ఎండ సంగతి అందరిలోకీ ఆవిడకే ఎక్కువ తెలుసు.

ఆ బోర్డు ఎండకు వెలిసింది. ముందు నలుపు పోయింది, తర్వాత విమానం నీడ. చివరికి ఒక పాలిపోయిన షీటు మిగిలితే దాన్నీ పీకేశారు. నేను కువైట్ విడిచే రోజుకు కూడా మా షెడ్డులో అందరూ ముదురు నీలంలోనే ఉన్నారు.

మీలో ఎవరు చదువుతున్నారో నాకు తెలియదు. మేనేజరూ, ఫోర్‌మనూ, ఫొటో తీసినామె, ఎవరైనా సరే. నాకు సానుభూతి వద్దు. సాయంత్రం దాకా ఆగొద్దు, ఇప్పుడే ఎక్కించమన్నది మీలో ఎవరు? మా అక్కకు నేను ఇంకా జవాబు చెప్పలేదు. చెప్పండి.