ఆరో మలుపులో గుమ్మడికాయ

ఎప్పుడూ చూడని రేసు సర్క్యూట్‌ను ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చని నేను నమ్మాను. మెకానికల్ చదివినవాడి నమ్మకం అది: ఏ పనినైనా భాగాలుగా విడగొడితే చేతికి వస్తుంది. తమిళనాడులోని ఒక సర్క్యూట్‌లో మామూలు జనం తమ బళ్లు తెచ్చుకుని ఒక రోజంతా నడుపుకునేలా ట్రాక్ డే పెడుతున్నారని తెలిసి పేరు ఇచ్చాను. ఆ సర్క్యూట్‌కు పన్నెండు మలుపులు. ఆ పన్నెండూ సిద్దిపేట దాటకముందే నా తలలోకి ఎక్కాలి.

ఎక్కకపోతే ఏమవుతుందో అన్న ముందే చెప్పాడు. బండి అతనిది. అతను దుబాయిలో ఉంటాడు, బండి నా దగ్గర ఉంటుంది. ట్రాక్ డే సంగతి చెప్పినప్పుడు వీడియో కాల్‌లో కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"తీస్కపో తమ్మి. కని బండి కింద పడ్డదనుకో, నేనొచ్చినంక అమ్మేస్త. గప్పుడు సైకిల్ మీద నేర్చుకుందువు నీ సర్క్యూట్లు."

"పడదన్నా."

"పడ్డంక గూడ గిట్లనే అంటవ్ నువ్వు."

నవ్వుతూనే అన్నాడు. కానీ మా అన్న నవ్వుతూ అన్న మాటలు కూడా చేసి చూపించే రకం.

మొదట వీడియోలు చూశాను. చూసినకొద్దీ రోత పుట్టింది. హెల్మెట్‌కు కెమెరా కట్టుకున్న ప్రతివాడూ సరిగ్గా మలుపు దగ్గరే పాట సౌండు పెంచుతాడు, లేదంటే తన మోకాలు నేలకు రాసుకున్న ముక్కను వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ చూపిస్తాడు. నాకు కావలసినవి మూడే: బ్రేకు ఎక్కడ వేయాలి, చూపు ఎటు తిప్పాలి, చక్రం మలుపు లోపలి అంచును ఎక్కడ తాకాలి. ఆ తాకే చోటును అపెక్స్ అంటారు. ఒక్కడూ దాన్ని నిలకడగా చూపించడు. చివరికి ఉపగ్రహ చిత్రాన్ని ప్రింటు తీసి, మలుపులకు పెన్సిలుతో అంకెలు వేసుకుని, దీన్ని నేల మీద దిద్దితే తప్ప రాదని తేల్చుకున్నాను.

దుబ్బాక పోయే దారిలో ఒక వెంచర్ ఉంది. కమాను ఉంది, తారు రోడ్లు ఉన్నాయి, ప్లాట్ల హద్దురాళ్లకు పసుపు రంగు ఉంది. ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. సర్క్యూట్‌లో అన్నిటికన్నా చిక్కుగా ఉన్న ఐదు, ఆరు, ఏడు మలుపులు, అంటే కుడి, ఎడమ, కుడి, అక్కడి వీధులతో ఇంచుమించు సరిపోయాయి. వేగం కోసం కాదు, వరస కోసం వెళ్లేవాణ్ణి. చూపు ముందు, చెయ్యి తర్వాత పోవడం అలవాటు కావాలి.

మనుషులు లేని రోడ్డును మనుషులు దేనికి వాడుకుంటారో అక్కడే తెలిసింది. పగిలిన బీరు సీసాలు. నమిలి ఉమ్మిన గుట్కా, తారుకు ఎండి అతుక్కుపోయింది. కోడి ఈకలు, పేగులు. నాతో పాలిటెక్నిక్ చదివిన దోస్తు ఒకడు ఫోన్‌లో నన్ను వీడియో తీయడానికి వచ్చేవాడు. మొదటి రోజు వాడి చేతికి చీపురు ఇచ్చాను. ఇద్దరం ముక్కులకు రుమాళ్లు కట్టుకుని ఊడ్చాం. ఆరో మలుపుగా నేను గుర్తు పెట్టుకున్న చోట, మూడు దారులు కలిసే దగ్గర, ఇద్దరం ఆగిపోయాం.

లోపలి అంచులో, నేను చక్రం పెట్టాల్సిన చోటనే, ఎవరో దిష్టి తీసి వదిలేసిన బూడిద గుమ్మడికాయ. రెండు చెక్కలు. తెల్లటి గుజ్జు మీద కుంకుమ, పక్కన కోసిన నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు.

"నీ అపెక్స్ మీదనే కూసున్నది రా ఇది," అన్నాడు వాడు.

"పక్కకు నూకు. చీపురు నీ చేతిలనే ఉన్నది గద."

వాడు వెంటనే చీపురు నా చేతిలో పెట్టాడు. "ఇగో, ఇప్పుడు నీ చేతిల ఉన్నది."

"నమ్ముతవా రా గివన్ని?"

"నేన్ నమ్మ. నువ్ నమ్మవు. మరి నూకు, ఇంజినీరు సాబ్."

నేను నూకలేదు. కారణాలు వరసగా చెప్పాను. ఒకటి, ఊడిస్తే గుజ్జు రోడ్డంతా పూసుకుంటుంది. రెండు, గింజల మీద టైరు జారితే బండి పడుతుంది. మూడు, రెండు రోజుల్లో ఎండిపోతుంది. అన్నీ సరైన కారణాలే. దిష్టి తీసింది దాటితే తీసినవాళ్ల కీడు దాటినవాళ్లకు అంటుకుంటుందని చిన్నప్పటి నుంచీ అవ్వ నా చెవిలో పోసింది. దాన్ని ఆ వరసలో చేర్చలేదు. గుమ్మడికాయకు గజం దూరంగా బండి తిప్పుకుంటూ పోయాను.

అది ఎండలేదు, కుళ్లింది. ముందు ఈగలు, తర్వాత పురుగులు. కుంకుమ నీరుకారి నల్లబడి, పుండులో నుంచి కారిన రసిలా తారు మీదికి పాకింది. నిమ్మచెక్కలకు బూజు పట్టింది. హెల్మెట్ అద్దం మూసినా ఆ వాసన లోపలికి వచ్చేది. ప్రతిసారీ ఆ మలుపులో ఊపిరి బిగబట్టేవాణ్ణి. ఎవరి ఇంటి కీడో తెచ్చి నా దారిలో పోసినవాళ్లను తిట్టుకునేవాణ్ణి. తమ ఇల్లు శుభ్రంగా ఉంటే చాలు, లోకమంతా చెత్తకుండీ ఈ జనానికి. అలా తిట్టుకుంటూనే అన్నిటికన్నా బాగా నేర్చుకున్నది ఆ మలుపే. గుమ్మడికాయ కంటబడగానే బ్రేకు, పక్కకు రాగానే చూపు ఏడో మలుపు వైపు. వీడియోలో చూసుకుంటే అచ్చం గీత గీసినట్టు ఉంది.

ట్రాక్ డేకు మా వైపు నుంచి పోయే బళ్లన్నీ ఒక లారీలో వెళ్లాయి. దోస్తు, నేను రైల్లో వెళ్లాం. సర్క్యూట్ దగ్గర తోలు సూట్లు కిరాయికి ఇచ్చారు. నాకిచ్చిన దాని మెడపట్టీ ఎవరి చెమటకో గట్టిపడి అట్టలా ఉంది. చంకల్లో తెల్లటి ఉప్పు చారలు. మోకాలి లోపలి గుడ్డ ఇంకా తడిగా ఉంది. వేసుకుంటుంటే చచ్చిన జంతువు కడుపులోకి దూరినట్టు అనిపించింది.

"సెంటు కొట్టాల్నా?" అన్నాడు దోస్తు.

"నోర్మూస్కో."

మొదటి మలుపులు బాగానే వచ్చాయి. పెన్సిలుతో వేసుకున్న అంకెలు ఒక్కొక్కటే నేల మీద నిజమై ఎదురొచ్చాయి. ఐదోది దాటాను. ఆరోదానికి బ్రేకు వేయడానికి గుమ్మడికాయ కోసం చూశాను.

లేదు. ఉండదు కదా. నున్నటి తారు, ఎరుపు తెలుపు చారల అంచు, అంతే. చూపు వెతుకుతూ ఉండగానే బ్రేకు వేయాల్సిన చోటు దాటిపోయింది. ఆలస్యంగా వేశాను. అప్పుడు కూడా లోపలి అంచు పట్టుకుంటే సరిపోయేది. నా చేతులు పట్టుకోలేదు. అక్కడ లేనిదాన్ని తప్పించుకుంటూ బయటికి పోయాయి. చారల మీద బండి దడదడలాడింది, మట్టిలోకి దిగింది, వెనక చక్రం పాములా తిరిగింది. అన్న ముఖం, సైకిలు రెండూ ఒకేసారి కనబడ్డాయి. కాళ్లు రెండూ కింద పెట్టి ఎలాగో ఆపాను. పడలేదు.

తర్వాతి ల్యాపుల్లోనూ ఆ మలుపులో చేతులు అలాగే బయటికి లాగాయి. ఆ విడత అయ్యాక, అక్కడ నేర్పే ఆయన నన్ను పక్కకు పిలిచాడు. తల నెరిసిన తమిళాయన, హిందీ ఇంగ్లిషు కలిపి మాట్లాడతాడు.

"నీ వెనకాలే వచ్చాను," అన్నాడు. "ప్రతి ల్యాపులోనూ ఆరో మలుపు లోపల దేన్నో తప్పిస్తున్నావు. అక్కడ ఏముంది?"

"ఏమీ లేదు సార్."

"నాకూ ఏమీ కనబడలేదు. అందుకే అడుగుతున్నా. మళ్లీ మట్టిలోకి పోతే ఇవాళ్టికి బండి స్టాండు వేసెయ్."

ఏమని చెప్పను? హైడ్రాలిక్స్ చదివాను, ఘర్షణ గుణకం లెక్క కట్టగలను, గుమ్మడికాయ దాటలేను సార్ అనా? దాని కన్నా నా చేతుల మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

మధ్యాహ్నం పెరుగన్నం ముందు పెట్టుకుని ఇంటికి ఫోన్ చేశాను. అవ్వ బీడీలు చుడుతోంది, కత్తెర చప్పుడు వినబడుతోంది.

"పడ్డవా బిడ్డా?"

"పడలే."

"పడవ్. గట్టిగ దిష్టి తీసిన బండికి. మీ అన్న పంపినకాడికెల్లి మన వాడకట్టోళ్ల కండ్లన్ని దాని మీదనే. గుమ్మడికాయ కొట్టి, ఆటోల తీస్కపోయి మూడు తొవ్వల కాడ ఏసొచ్చిన."

"ఏ మూడు తొవ్వలే?"

"గా దుబ్బాక తొవ్వల ప్లాట్లున్నయ్ సూడు. ఆడికెవ్వలు రారు గద. చెప్తే వద్దంటవని నీకు చెప్పలే."

ఇన్నాళ్లూ నేను తిట్టుకున్నది అవ్వనే. ముక్కు మూసుకుని చుట్టూ తిరిగింది నా సొంత దిష్టి చుట్టూనే. దోస్తుకు చెబితే నేల మీద కూలబడి నవ్వాడు. నాకు అన్నం సయించలేదు. ప్లేటు పక్కకు నెట్టాను.

ఆ తర్వాత ట్రాక్ మీదికి పోయేటప్పుడు ఒకటి తేల్చుకున్నాను. లేదనుకుంటే చేతులు నమ్మడం లేదు. కాబట్టి ఉందనుకోవాలి. ఆరో మలుపు లోపలి అంచులో గుమ్మడికాయను నేనే పెట్టాను: రెండు చెక్కలు, పురుగులు, నల్లటి రసి, అన్నీ. దాన్ని చూసి బ్రేకు వేశాను. మొదటిసారి చేతులు మళ్లీ పక్కకు లాగాయి. రెండోసారి దాని అంచు మీదుగా పోయాను. మూడోసారి కళ్లు మూయకుండా ముందు చక్రాన్ని నడిమధ్యలోకి దించాను. హెల్మెట్ లోపల ఆ కుళ్లు వాసన గుప్పుమంది, ఒట్టు. అదే క్షణంలో ఏడో మలుపు తలుపు తీసినట్టు ఎదురుగా తెరుచుకుంది. సాయంత్రం దాకా ప్రతి ల్యాపులోనూ దాన్ని తొక్కుతూనే ఉన్నాను. వాంతి రాలేదు, బండి పడలేదు. నేర్పే ఆయన బొటనవేలు పైకెత్తి చూపించాడు. సంతోషపడాల్సింది. ఆ సూటు విప్పి ఒళ్లు రుద్దుకునేదాకా నాకు ఇంకేదీ పట్టలేదు.

బండి సిద్దిపేటకు వచ్చింది. గేటు దగ్గరే అవ్వ దాని చుట్టూ తిరిగి, ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూసింది.

"గీత గూడ పడలే. సూసినవా?"

"నీ గుమ్మడికాయతోనే పడబోయిన."

"అంటే? దాటినవా దాన్ని?"

"దాటిన."

"ప్లాట్ల కాడనా?"

"కాదు. ఆడ, సర్క్యూట్ల."

"ఆడ గుమ్మడికాయ ఏడిదిరా?"

"లేదు. ఉన్నదనుకొని తొక్కుకుంట పోయిన."

అవ్వ నన్ను చూసిన చూపు, నేను ఆ రసిని చూసిన చూపు ఒకటే. "ఛీ," అంది. "అనుకొని దాటినా దాటినట్టే. బండి లోపలికి తేకు."

బకెట్‌లో నీళ్లు తెచ్చి పసుపు కలిపింది. గేటు బయటే చెంబుతో ముందు టైరు మీద పోసింది, వెనక టైరు మీద పోసింది. టైర్లు నేలకు ఆనుకున్న భాగం పొడిగానే మిగిలింది. అది ఆమెకు కనబడలేదు, నాకు కనబడింది. హ్యాండిల్ పట్టుకుని బండిని అర చుట్టు ముందుకు తోసి, ఆపాను.

"ఇగో, ఈడ గూడ పొయ్," అన్నాను.