ఎనిమిది సిలిండర్ల మోత

మా ఆయన చెవులు పోతున్నాయని నాకు విమానాల వల్ల తెలిసింది. నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్చుకునేవాళ్లు మా షెడ్డు మీదుగానే చక్కర్లు కొడతారు. పెళ్లయిన కొత్తలో ఆ చప్పుడు నాకు అందకముందే ఆయన సుత్తె ఆపి తలెత్తేవాడు. "అగో, వస్తున్నది సూడు" అనేవాడు. ఎంత వెతికినా నాకు ఏమీ కనిపించేది కాదు, కాసేపటికి నిజంగానే వచ్చేది. రానురాను నేను తలెత్తాక ఆయన ఎత్తడం మొదలైంది. ఒక రోజు విమానం మా రేకులను రాసుకుంటూ పోయినంత కిందుగా పోయింది. ఆయన వంచిన తల ఎత్తలేదు.

ఇబ్రహీంపట్నం నుంచి మన్నెగూడ వైపు పోయే రోడ్డు మీద మాది టింకరింగ్ షెడ్డు. గుద్దుకున్న బండ్ల సొట్టలు తీయడం మా ఆయన పని. రేకు వెనక ఇనుప దిమ్మ ఆనించి, ముందు నుంచి సుత్తెతో కొట్టాలి, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా. పక్కనే మా మరిది ఇంజిన్ల పని చూసేవాడు. వెనక రెండు గదుల ఇంట్లో నేను జాకెట్లు కుట్టేదాన్ని. అప్పట్లో చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లయ్యాయి. మొన్నటిదాకా సైకిలు తొక్కినవాళ్లు కార్లు కొన్నారు, కొన్న వారానికే దేనికో గుద్దారు. మాకు పనికి కొదవ లేదు, ఆయన చెవులకు తెరిపి లేదు.

దవాఖానకు తీసుకుపోయాను. లోపలి నరం దెబ్బతిన్నది, పోయింది తిరిగి రాదు, ఉన్నదన్నా దక్కాలంటే సుత్తె మానాలి అన్నాడు డాక్టరు. చెవిలో పెట్టుకునే మిషన్ ఒకటి ఇచ్చారు. దాంట్లోంచి మనిషి మాట సరిగ్గా రాదు గానీ, సుత్తె దెబ్బ మాత్రం తల పగిలేలా వస్తుందట. తీసి నట్ల డబ్బాలో పడేశాడు. సుత్తె మానమంటే నవ్వాడు.

"సుత్తె ఇడిసిపెట్టి ఏం జెయ్యాలె? నీ పక్కన కూసోని గుండీలు కుట్టాల్నా?"

అప్పటి నుంచి మా ఇంట్లో అన్నీ అరుపులే. నా సంసారమంతా వీధిలో పడింది. "పప్పుల ఉప్పు సరిపోయిందా?" అని మా ఆయన్ని అడిగితే ఎదురింటి అవ్వ తన గడపలోంచి "నిన్న ఎక్కువైందన్నడు కదా, సూసి ఎయ్యి" అనేది. జాకెట్ కొలతలకు వచ్చిన ఆడవాళ్లు మొహాలు అటు తిప్పి నవ్వుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది. అయినా మనిషి అరిచి చెప్పగలిగేవి ఎన్ని ఉంటాయి? అన్నం తిను, కరెంటు పోయింది, ఎవరో వచ్చారు. అంతే కదా. ఒకప్పుడు పడుకున్నాక ఎన్ని ముచ్చట్లు చెప్పుకునేవాళ్లం! పగలు వచ్చినవాళ్ల మీద చాడీలు, ఏ చీరలో నేను బాగున్నానన్న మాటలు. మాకు పిల్లలు కలగలేదు. ఆ దిగులు కూడా ఆయన చెవిలో మెల్లగా చెప్పుకుంటే సగం తగ్గేది. అవన్నీ నా లోపలే ఉండిపోయాయి. పక్కన మనిషి ఉండగానే ఆ మనిషి కోసం బెంగ పెట్టుకున్నాను, ఇంతకన్నా పాడు బతుకు ఉంటుందా అనిపించేది.

అట్లాంటి రోజుల్లో వచ్చింది ఆ కారు. ప్లాట్ల వ్యాపారంలో పైకొచ్చిన ఒకాయన కందుకూరు దగ్గర మేకల కొట్టంలో దాన్ని పట్టుకుని లారీ మీద తెచ్చాడు. ఎప్పటిదో విదేశీ కారు. పొడుగు ముక్కు, గుండ్రని కళ్లు, సీట్ల నిండా మేకల పెంటికలు. కంప్యూటర్‌లో ఏవో ఫోటోలు చూశాడట ఆయన. టాప్ కిందికి దిగాలి, ఇంజిన్ బయటికి కనిపించాలి, వెనక టైర్లు ఇంత లావుండాలి, రోడ్డు మీద దాని ముందు ఏ బండీ నిలవకూడదన్నాడు. సిటీలో తుక్కు కింద అమ్మిన ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ కూడా ఆయనే వెతికి కొన్నాడు. దాన్ని దించుతుంటే మా మరిది నోరు తెరిచాడు.

"వదినా, గిది ఇంజిన్ గాదు, రైలు!"

మా ఆయన ఆ ఇంజిన్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత నా దగ్గరకొచ్చి మెరిసే కళ్లతో అన్నాడు.

"గింత పెద్దదాని మోత నాకు ఇనపడకుంట యాడికి పోతదే?"

అదే ఆయన ఆశంతా. కారాయనకు ఒకటే షరతు పెట్టాడు, సైలెన్సర్ ఉండొద్దు, గొట్టాలు నేరుగా బయటికి రావాలని. కారాయనకు కావలసిందీ అదే.

పని మొదలైంది. టాప్‌ను జానెడు కోసి, కిందికి దించి మళ్లీ వెల్డింగ్ చేశారు. లావు టైర్లు పట్టాలంటే వెనక మడ్‌గార్డులు వెడల్పు కావాలి. అట్లాంటివి ఎక్కడా దొరకవు, వట్టి రేకును ఇసుక సంచి మీద పెట్టి కొట్టి కొట్టి వంపు తేవాలి. ఎన్ని నెలలు కొట్టాడో! కొట్టిన వంపు మీద కళ్లు మూసుకుని అరచెయ్యి ఆనించి నిమిరేవాడు, ఎక్కడో గింజంత ఎత్తు తగిలితే మళ్లీ మొదలు. ఇంత ముద్దుగా నన్నెప్పుడైనా చూశాడా అని కుళ్లుకున్నాను కూడా. రేకు పని సిటీలో చేయిద్దాం, నీ చెవులు పాడైపోతున్నాయని మా మరిది బతిమాలాడు. వింటేగా! ఒక రోజు నేను సుత్తె గుంజుకున్నాను.

"ఇంజిన్ మోత ఇంటానని ఉన్న చెవులు గూడ పోగొట్టుకుంటున్నవ్! నా మాట ఇనాల్నని ఎన్నడన్న గింత తండ్లాడినవా?"

నా నోటి వైపే చూస్తూ ఉన్నాడు. అప్పటికే సగం మాటలు నోటిని చూసే పోల్చుకునేవాడు.

"పిచ్చిదానా, గిది ఇనపడ్డదంటే నువ్వు గూడ ఇనపడ్తవ్" అన్నాడు.

సుత్తె చేతికిచ్చేశాను. ఆ రోజు నుంచి ఆ కారు మీద నాకూ ఆశ పుట్టింది. కుట్టే బట్టలు పక్కన పెట్టి దాన్ని తుడిచేదాన్ని. ఇంకెన్నడు, ఇంకెన్నడు అని మా మరిది ప్రాణం తీసేదాన్ని.

ఇంజిన్ స్టార్ట్ చేసే రోజు వచ్చింది. కారు ఎర్రగా, నేలకు ఆనుకుని, భలే పొగరుగా ఉంది. కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాం. కారాయన వచ్చాడు. ఎదురింటి అవ్వ వచ్చింది, జాకెట్ల వాళ్లు వచ్చారు, వీధిలో సగం మంది షెడ్డు ముందు నిలబడ్డారు. మా మరిది స్టీరింగ్ ముందు కూర్చుని తాళం తిప్పాడు.

అమ్మో, అదేం మోత! రేకులు గడగడలాడాయి. కారాయన రెండు చేతులతో చెవులు మూసుకుని పకపకా నవ్వుతున్నాడు. అవ్వ కొంగు తలచుట్టూ బిగించుకుంది. చెవులు మూసుకోని మనిషి ఒక్కడే. మా ఆయన చేతులు వేలాడేసుకుని, తమ్ముడి మొహం వైపే చూస్తూ, నోరు కదిపాడు. ఆ మోతలో మాట వినిపించలేదు గానీ నోటిని చూస్తే అర్థమైంది.

"ఏమైందిరా? స్టార్ట్ అయితలేదా?"

మా మరిది మొహం పాలిపోయింది. కాలు పెడల్ మీదే ఉంది, కళ్లలో నీళ్లు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కారు మీద, సుత్తె మీద, దేవుడి మీద. పోయి మా ఆయన భుజాలు పట్టుకుని ఊపేశాను. ఈ మోతలో ఎవరికీ ఏదీ వినిపించదు కదా అని, రెండేళ్లుగా లోపల దాచుకున్నదంతా గొంతు చించుకుని అరిచాను. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. ఆఖరి మాట మాత్రం గుర్తుంది, ఎందుకంటే సరిగ్గా అప్పుడే మా మరిది తట్టుకోలేక ఇంజిన్ ఆపేశాడు.

"...నీ పక్కన పండుకోని మెల్లగ ముచ్చట పెట్టాలనున్నదయ్యా!"

వీధంతా విన్నది. చెవుల మీది చేతులు ఒక్కొక్కటే దిగాయి. కారాయన వంగి టైర్లు చూడటం మొదలుపెట్టాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"ఏమన్నవ్?" అన్నాడు మా ఆయన.

మా మరిది దిగి వచ్చాడు. "వదినా, నేను జెప్పనా?"

"నువ్వు ఊకో" అన్నాను.

మా ఆయన మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, అందరూ చూస్తుండగానే, ఒక్కొక్క మాటా విడివిడిగా, ఇంకా గట్టిగా అదే చెప్పాను. ఆఖరి మాట దాకా ఆయన నా నోటి మీది నుంచి చూపు తిప్పలేదు. అర్థమైంది. సిగ్గుపడి అటూ ఇటూ చూశాడు. తన గొంతు ఎంత పెద్దగా వస్తుందో తనకు తెలియదు. గుసగుసగా అంటున్నాననుకుని నా చెవి దగ్గరకు వంగి, వీధి చివరి దాకా వినిపించేలా అన్నాడు.

"నాకు గూడనే."