అన్నీ పచ్చ టిక్కులే

నా కాలికి ఈ కట్టేమిటని ఆఫీసులో అందరూ అడుగుతున్నారు. కొండ మీద జారిపడ్డానని చెప్పి తప్పించుకుంటున్నాను. మీరు మనవాళ్లు కాబట్టి అసలు సంగతి చెప్తాను, టీ చల్లారకుండా తాగండి.

మా సర్వే యాప్ ఉంది కదా, ఏ పేటలో జనం ఎంత బాగా బతుకుతున్నారో మార్కులేసేది. పట్నం కాలనీల కోసం చేసినదాన్ని అనంతగిరి కొండల మీదకీ పంపారు. పోయిన నెల సోంబారు వాళ్ల ఊరికి వెళ్లాను. సోంబారు అక్కడ పెద్దమనిషి. గాలి ఎలా ఉంది? శుభ్రం. ట్రాఫిక్ గోల? రోడ్డే లేదు, ఇంక గోలెక్కడిది. చెట్లు? చుట్టూ కాఫీ తోటలే. అన్నిటికీ పచ్చ టిక్కులు పడ్డాయి.

ఆస్పత్రికి ఎలా వెళ్తారన్న దగ్గర ఆగాను. సొంత బండి, బస్సు, ఆటో, 'ఇంటి దగ్గరకే వచ్చి తీసుకెళ్లే సదుపాయం'. అంతే. వీళ్లేమో కర్రకి దుప్పటి కట్టి, రోగిని అందులో పడుకోబెట్టి డోలీ మోస్తారు. డోలీ అనే ఆప్షన్ లేదు. ఏదో ఒకటి నొక్కనిదే యాప్ ముందుకి కదలదు. కింద ఆఖరి బస్సు వెళ్లిపోతుందని నా కంగారు. ఇంటి దగ్గర్నించే కదా మోస్తారని చివరిది నొక్కేశాను.

ఆ ఊరు మండలంలో ఫస్టొచ్చింది. మా ఆఫీసరు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఆ వెంటనే రోడ్లు వేసే ఊళ్లలోంచి దాన్ని తీసేశారు, అక్కడ సదుపాయాలు బాగున్నాయిగా అని. సోంబారు కోడలు కడుపుతో ఉంది. కాన్పు నాటికి జీపైనా పైకొస్తుందని ఆ రోడ్డు మీదే ఆశ పెట్టుకున్నారు. నాకు అన్నం సయించలేదు.

పైకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. నేను నొక్కిన మాట కూడా చదివి వినిపించాను. సోంబారు నా ఫోన్ వైపు వేలు చూపించి అడిగాడు.

"ఇప్పుడేటి సేత్తావు సారూ?"

"దారి ఫొటోలు పెట్టి, తప్పయిందని రాస్తాను."

"బేగి రాయి. మా కోడలు గుంట బయపడతంది."

ఫోన్‌లోకే చూస్తూ, దారంతా ఫొటోలో పడాలని వెనక్కి అడుగేశాను. కాలికింద రాయి కదిలింది. చీలమండ విరిగింది. ఫొటోలో ఆకాశం తప్ప ఏమీ పడలేదు.

నా ఒళ్లు మీకు తెలుసు. నన్ను డోలీలో వేసి మార్చి మార్చి మోశారు. సోంబారు కూడా భుజం పెట్టాడు. కోడలు గుమ్మంలో నిలబడి, కడుపు మీద చెయ్యేసుకుని, ఊగుతున్న ఆ దుప్పటినే చూసింది. కాలి నొప్పికన్నా ఆ చూపే ఎక్కువ బాధపెట్టింది.

ఆస్పత్రిలో కాంపౌండరు అడిగాడు, "ఎందులో తీసుకొచ్చారు? ఆటోనా?"

నేను నోరు తెరిచేలోపే సోంబారు భుజం తుడుచుకుంటూ చెప్పాడు. "ఇంటి దగ్గరకే వచ్చి తీసుకెళ్లే సదుపాయం బాబూ. మా సారే రాసినాడు."

దుప్పటి మొహం మీదకి లాక్కున్నాను. తర్వాత తప్పు దిద్దమని అర్జీ పెట్టాను. జవాబు ఇంకా రాలేదు. దారి ఎలా ఉందో ఫొటో జతచేయమన్నారు. ఫొటో లేదుగా, నా ఎక్స్‌రే పెట్టాను.