కారం అంటిన పేజీలు

కరోనా తగ్గి గ్రంథాలయాలు మళ్లీ తెరిచిన మరుసటి ఏడాది, జూన్ నెలలో, నన్ను ఆదోని నుంచి ఎమ్మిగనూరు దగ్గరి ఒక శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. నేను రెండో గ్రేడు గ్రంథపాలకురాలిని. పొద్దున తాళం తీయడం, పేపర్లు సర్దడం, అటెండరు రాని రోజు ఊడ్వడం కూడా ఆ హోదాలోకే వస్తాయి. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను.

అడిగిన పుస్తకం తీసివ్వడమే మా పని అని బయటివాళ్లు అనుకుంటారు. వచ్చేవాళ్లలో చాలామందికి ఏ పుస్తకం కావాలో తెలియదు. "ఇది అయిపోయింది, తర్వాత ఏం చదవాలి?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు ఇవ్వడమే అసలు ఉద్యోగం. నేను ఎవరినీ ఏం ఇష్టమని అడిగేదాన్ని కాదు. అలా అడిగితే మర్యాద కోసం ఏదో గొప్ప విషయం పేరు చెబుతారు. కిందటి పుస్తకం ఎక్కడ వదిలేశారని అడిగేదాన్ని. అక్కడ తెలుస్తుంది మనిషి ఓపిక ఎంతో, ఆశ ఏమిటో.

మా పై కార్యాలయం నుంచి తనిఖీకి వచ్చే అధికారికి ఈ పద్ధతి గిట్టేది కాదు. గబగబా చదివించే నవలలన్నింటినీ ఆయన "కాలక్షేపం సరుకు" అనేవాడు. ప్రజలకు కావలసినవి ఇవ్వకూడదు, మంచివి ఇవ్వాలి అనేవాడు. ఆ మంచివాటిలో ఆయన ఒక్కటైనా ఆసాంతం చదివాడా అని నాకు మొదటి నుంచీ అనుమానమే.

ఆ చలికాలంలో రూతమ్మ వచ్చింది. పక్క పల్లెలో కూలి పనులు చేసుకునే మనిషి, నలభై దాటి ఉంటుంది. చర్చిలో బైబిలు పైకి చదివీ చదివీ గొంతు గట్టిపడింది. మేమిచ్చిన నవలలు సాయంత్రం తన వీధి ఆడవాళ్లకు చదివి వినిపించేది. ఒకరోజు తీసుకెళ్లిన పుస్తకం తిరిగి తెచ్చి నా బల్ల మీద పెట్టి నిలదీసింది.

"ఇదేం పుస్తకం మేడం? ఆయప్ప రైలు ఎక్కేదానికే సగం పుస్తకం అయిపోయె. మా ఆడోళ్లు గురకలు పెడతాండారు, నేనొక్కదాన్నే సదువుకుంటాండా. ఉరికే పుస్తకం ఏదన్నా ఉంటే ఇయ్యి."

నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఆమెకు కావలసిన లక్షణాలు ఆమే చెప్పింది. పేర్లు ఎక్కువ ఉండకూడదు, విన్నవాళ్లు మరిచిపోతారు. అధ్యాయాలు చిన్నవిగా ఉండాలి. ప్రతి అధ్యాయం చివర ఎవరో ఒకరు తలుపు కొట్టాలి. బల్ల దగ్గరే నిలబడి మొదటి పేజీ పైకి చదివేది. పేజీ తిరిగేలోపు ఏమీ జరగకపోతే పుస్తకం నా చేతిలోనే పెట్టేసేది. ఇన్నేళ్ల సర్వీసులో అంత ఖచ్చితమైన పాఠకురాలిని నేను చూడలేదు.

చలికాలం చివర ఆమె అసలు సంగతి చెప్పింది. వాళ్ల వీధి మొత్తం సుగ్గికి పోతోంది. ఇక్కడ పనుల్లేనప్పుడు గుంటూరు వైపు మిరప కోతలకు కుటుంబాలు కుటుంబాలుగా తరలిపోవడాన్ని మా ప్రాంతంలో సుగ్గి అంటారు. లారీలో సామాన్లు, బియ్యం మూటలు, కోళ్లు కూడా పోతాయి. పోయినవాళ్లు ఉగాది దగ్గర పడేదాకా రారు. ఆ సామాన్లతో పాటు ఒక పెట్టె పుస్తకాలు కావాలంది రూతమ్మ. ఆడ గుడారాల కాడ ఫోన్లకు సిగ్నల్ కూడా రాదు, ఈ కథలుంటే మా వాళ్లు మనుషుల్లా ఉంటారు అంది.

నిబంధన ప్రకారం సభ్యుడు పుస్తకాన్ని పదిహేను రోజులకు మించి ఉంచుకోకూడదు. అయితే మా శాఖలో పుస్తక నిక్షిప్త కేంద్రం అనే ఏర్పాటు ఉంది. గ్రంథాలయం లేని పల్లెలో ఒక బాధ్యత గల మనిషికి కొన్ని పుస్తకాలు అప్పగిస్తాం, కొన్ని నెలలకోసారి మారుస్తాం. రూతమ్మను బాధ్యురాలిగా చూపించి అనుమతికి రాశాను.

అధికారి స్వయంగా వచ్చాడు. పల్లెలో కేంద్రానికి అభ్యంతరం లేదట. పుస్తకాలు పల్లె దాటకూడదట.

"పల్లెలో మనుషులుండరు కదా సార్, అందరూ సుగ్గికి పోతున్నారు" అన్నాను.

"మనుషుల సంగతి మనకెందుకమ్మా? కేంద్రం ఆ పల్లె పేరు మీద ఉంటుంది" అన్నాడు.

తాళాలు వేసిన ఇళ్ల మధ్య పుస్తకాలుంటే సక్రమం, చదివేవాళ్ల దగ్గరుంటే అక్రమం! నాకు ఒళ్లు మండిపోయింది. ఉగాది తర్వాత కైరుప్పలలో పిడకలు విసురుకునే వేడుకలో ఉన్నదాన్నయితే ఆ పూట మొదటి పిడక ఆయన మీదికే పోయేది. కోపాన్ని మింగి, ఊరు కదిలితే ఊరితో పాటు కేంద్రమూ కదులుతుందని, కదలకూడదని మార్గదర్శకాల్లో ఎక్కడుందో చూపించమని వాదించాను. ఎక్కడా లేదు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. పెట్టెలో సగం ఆయన చెప్పిన పుస్తకాలుండాలి. పొదుపు, పరిశుభ్రత, సత్ప్రవర్తన. ఒక్క పుస్తకం చెడినా రూతమ్మ సభ్యత్వం రద్దు, కేంద్రమూ రద్దు.

రోజంతా ఎండలో వంగి కాయలు కోసే ఆడవాళ్లకు కష్టపడి పనిచేయడం ఎలాగో నేర్పే పుస్తకాలు! పెట్టెలో అవి సర్దుతుంటే రూతమ్మ ఒకటి తీసి, మొదటి పేజీ సగం చదివి, మూసి అడుగున పెట్టింది.

ఉగాదికి కొన్ని రోజుల ముందు లారీ తిరిగొచ్చింది. రూతమ్మ పెట్టె తెచ్చిన రోజునే అధికారి కూడా వచ్చాడు. పుస్తకాలన్నీ ఉన్నాయి. ఆయన ఒక నవల తెరిచాడు. పేజీల అంచుల నిండా ఎర్రటి వేలిముద్రలు. ఆయనకు వేలు నాలుకతో తడుపుకుని పేజీలు తిప్పే అలవాటు ఉంది. నేను చెప్పబోయేలోపే రెండోసారి తడిపాడు. ఆ తర్వాత కాసేపు తనిఖీ ఆగిపోయింది. అటెండరు నీళ్లు తెచ్చాడు, పక్కింటి నుంచి చక్కెర తెచ్చాడు. ఎవరూ నవ్వలేదు. రూతమ్మ మాత్రం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తేరుకున్నాక ఆయన మొహం ఆ పేజీల కన్నా ఎర్రగా ఉంది. ప్రభుత్వ ఆస్తిని పాడుచేశారన్నాడు. ఇలాంటివాళ్లకు పుస్తకాలిస్తే ఇదే జరుగుతుందన్నాడు. "ఇలాంటివాళ్లు" అన్న ఆ మాట రూతమ్మ ఎదుటే అన్నాడు. నా సర్వీసులో అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. మనుషులను మర్యాదగా ప్రస్తావించండి అన్నాను. రూతమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, తనే చెప్పింది.

"కల్లంలో కూసోని తాలు మిరపకాయలు ఏరతాంటిమి సార్. మామూలు కథలైతే రాత్రి నీళ్లు పోసుకోని, తిన్నంక సదివేదాన్ని. ఇవి అట్లా కాదు. ఆ పిల్ల బావిలోనించి బయటికొచ్చిందా లేదా సెప్పు అని పొద్దున్నించే పీక్కు తింటాన్రి మా ఆడోళ్లు. చేతులు కడుక్కునేదానికి గూడా పోనీలేదు."

నేను ఆ నవల మళ్లీ తీసి చూశాను. ఆమె చెప్పింది నిజమే. మొదట్లో మరకలు పలుచగా ఉన్నాయి. కథ పుంజుకున్న చోట చిక్కబడ్డాయి. ఆ అమ్మాయి బావిలో పడిన అధ్యాయంలో అంచులన్నీ ఎరుపే. వర్ణనలు సాగదీసిన చోట పేజీలు తెల్లగా ఉన్నాయి. ఏ పుస్తకం ఎక్కడ పరుగెడుతుందో, ఎక్కడ కుంటుతుందో ఇంత నిజాయితీగా చెప్పిన విమర్శను నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

అధికారి తన పుస్తకాలు పైకి తీశాడు. ఒక్క మరక లేదు. ఆయన మొహం వెలిగిపోయింది. చూశారా, మంచి పుస్తకం మనిషికి శుభ్రత నేర్పుతుంది, వీటిని ఎంత భద్రంగా చూసుకున్నారో అన్నాడు. వచ్చే ఏడు పెట్టె నిండా ఇవే పంపాలన్నాడు.

నేను వాటిలో ఒకటి అందుకుని తెరవబోయాను. తెరుచుకోలేదు. బైండింగులో కత్తిరించడం మరిచిన పేజీలు అంచుల దగ్గర ఇంకా అతుక్కునే ఉన్నాయి. స్కేలుతో విడదీసి చూపించాను. "ఎవరూ చదవలేదు సార్" అన్నాను.

"చదవకపోతేనేం అమ్మా, పాడైతే కాలేదు కదా" అన్నాడు.

రూతమ్మ సభ్యత్వం రద్దు చేయడానికి ప్రతిపాదన పంపమని ఆదేశించి వెళ్లాడు. ఆ ప్రతిపాదన గ్రంథపాలకురాలి సంతకంతోనే పోవాలి. నేను సంతకం పెట్టలేదు. మెమో వచ్చింది. పుస్తకం చదివితే నలుగుతుందని, దాన్ని అరుగుదల అంటారని, పాడుచేయడం అనరని జవాబు రాశాను. మరో మెమో వచ్చింది. అదే జవాబు మళ్లీ పంపాను. ఆ లోపు ఆయనకు బదిలీ అయింది, ఆ ప్రతిపాదన సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మరుసటి చలికాలం రూతమ్మ పెట్టె లారీ ఎక్కింది. అందులో ఏ పుస్తకాలుండాలో రూతమ్మే బల్ల దగ్గర నిలబడి మొదటి పేజీలు చదివి తేల్చింది.

మరకల నవలలను రద్దు చేయమని పై కార్యాలయం వాళ్లు అన్నారు, నేను ముందు అరలో పెట్టాను. పోటీ పరీక్షల పుస్తకాలతో కుస్తీపట్టి అలసిపోయిన కుర్రవాళ్లు, మగ్గం పని చేసే ఆడవాళ్లు, తర్వాత ఏం చదవాలని అడిగినప్పుడు వాటినే ఇచ్చాను. ఇచ్చేటప్పుడు వేలు నాలుకతో తడపవద్దని చెప్పేదాన్ని.

రిటైరయ్యాక ఇప్పటికీ కొందరు, ఆపకుండా చదివించే పుస్తకం ఏదని ఫోన్ చేస్తారు. ఏ గ్రంథాలయానికైనా వెళ్లి, అన్నిటికన్నా నలిగిన పుస్తకం అడగండని చెబుతాను. దాన్ని మీకన్నా ముందు ఎవరో చేతులు కడుక్కోకుండా చదివి ఉంటారు.