అతను రాసుకున్న తడబాట్లు

1956లో నంద్యాలలో డిగ్రీ చదివేటప్పుడు, ఆళ్లగడ్డ రైతుబిడ్డ ఒకడు హాస్టల్లో నా గదిలోనే ఉండేవాడు. ఇంగ్లీషు క్లాసులో మాట్లాడి వచ్చిన ప్రతిసారీ, తాను ఎక్కడ తడబడ్డాడో, ఎందుకు తడబడ్డాడో చిన్న నోటుపుస్తకంలో రాసుకునేవాడు. నెలనెలా అతని ఇంగ్లీషు తేటపడుతూ వచ్చింది. నాకేమో నోరే పెగిలేది కాదు.

ఒకరోజు అసూయ కొద్దీ ఆ పుస్తకాన్ని భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపించాను. "ముందు తెలుగులో అనుకొని ఇంగ్లీషులోకి తిప్పినా, అందుకే నిలిచిపోయినా" అని చదివేసరికి అందరూ పగలబడి నవ్వారు. అతను లేచి వచ్చి, "ఇట్లియ్యప్పా" అని పుస్తకం తీసుకున్నాడు. ఆ తర్వాత క్లాసులో ఇంగ్లీషు మాట్లాడనే లేదు.

అతనిలాగే నా తడబాట్లు రాసుకుంటూ నేర్చుకొని, నాలుగేళ్లకు నేను ఇంగ్లీషు లెక్చరర్‌నయ్యాను. నోరు విప్పని విద్యార్థులకు అతని పద్ధతే చెప్పాను. వాళ్లు మెల్లగా మాట్లాడసాగారు. ఆ సంగతి చెప్పి, క్షమించమని అడుగుదామని ఆళ్లగడ్డ వెళ్లాను. అతను కళ్లంలో వేరుశనగకాయలు ఎండబోస్తున్నాడు.

"నీ మాదిరే రాసుకోమని మా పిల్లోళ్లకు చెప్తాండా," అన్నాను.

అతను తలెత్తకుండానే, "రాసుకోనీప్పా. వాళ్ల పుస్తకాలు మాత్రం నువ్వు ముట్టుకోవాకు," అన్నాడు.

మజ్జిగ ఇప్పించి, బస్సు దాకా తోడొచ్చాడు. దారి పొడవునా వానల గురించే మాట్లాడుకున్నాం. అడగాల్సింది అడగకుండానే నేను బస్సెక్కాను.