ఎర్ర బటన్ నొక్కని మా నాన్న

రంగుల గురించి నాకంతా తెలుసని నమ్మిన రోజులవి. రాయ్‌పూర్‌లో ఒక చిన్న ఆఫీసులో వెబ్‌సైట్లు తయారు చేసేదాన్ని. పళ్ళ డాక్టరుకి లేత నీలం, మిఠాయి దుకాణానికి నారింజ, నగల కొట్టుకి ముదురు ఊదా అని ఇట్టే చెప్పేసేదాన్ని. నీలం చూస్తే నమ్మకం కలుగుతుంది, ఎరుపు చూస్తే గుండె వేగం పెరిగి చెయ్యి ముందుకు కదులుతుంది. ఇవన్నీ చదువుకున్న పాఠాలు. ఇంట్లోనూ అవే వల్లించేదాన్ని.

"అయితే నీ గదికి నీలం వేయించుకో. రేపు పెందలాడే లేస్తానని నువ్వు చెప్తే అప్పుడైనా నమ్ముతాను" అనేది అమ్మ.

మా తాత విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న ఇంజన్ డ్రైవరుగా రిటైరయ్యాడు. మా కాలనీలో తెలుగువాళ్ళ ఇళ్ళు చాలావరకు అలాంటివే. మా తెలుగు సంఘం కార్యదర్శి కూడా ఒకప్పుడు టికెట్ కలెక్టరే. నేను బాబాయి అని పిలుస్తాను. ఆయన ఒక ఆదివారం పొద్దున్న ఇంటికొచ్చారు. పెళ్ళి సంబంధాల వివరాలు రాసుకునే సంఘం నోటుబుక్కుకి చెదలు పట్టాయట.

"దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించేయ్ తల్లీ. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లే కదా. రాయ్‌పూర్, భిలాయ్, బిలాస్‌పూర్ మనవాళ్ళందరూ ఇంట్లో కూర్చునే చూసుకుంటారు" అన్నారు.

పది రోజులు కూర్చుని చేశాను. మీగడ రంగు పేజీ, అబ్బాయి ఫొటోనో అమ్మాయి ఫొటోనో, కింద నాలుగు వివరాలు, ఆ కింద కుంకుమ రంగులో పెద్ద బటన్. దాని మీద 'సంబంధం మాట్లాడదాం' అని రాశాను. పెళ్ళికి కుంకుమ, పాఠం ప్రకారం ఎరుపు. రెండూ కలిసొచ్చాయని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మూడు వారాలైనా బటన్ నొక్కినవాళ్ళు ఏడుగురే. పేజీలు మాత్రం అందరూ తిరగేస్తున్నారు. "మ్యూజియంలా చూసి పోతున్నారు తల్లీ" అని బాబాయి ఫోన్ చేసి నవ్వారు. నాకు తలకొట్టేసినట్టయింది.

సంగతేమిటో చూద్దామని ఆ సాయంత్రం ఫోన్ నాన్న చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అబ్బాయి వివరాలూ అమ్మకి వినబడేలా చదివాడు. ఒకడి దగ్గర ఆగి, "వీడు బావున్నాడే, మన బొబ్బిలి వైపోళ్ళే" అన్నాడు. వేలు బటన్ దాకా వెళ్ళింది. అక్కడే గాల్లో ఆగింది. తర్వాత పక్కకి తిరిగిపోయింది.

"నొక్కొచ్చు కదా నాన్నా?"

"ఎర్రది కదే."

"అయితే?"

"అయితే ఏటి? ముప్పై ఏళ్ళు దాని ముందు ఆగి బతికినోణ్ణి. ఇప్పుడు నొక్కి ముందుకెళ్ళమంటే ఎలగెళ్తాను?"

"సంతలో ఎర్ర టమాటాల ముందు కూడా ఇలాగే ఆగిపోతారు మీ నాన్న. మోయాల్సొస్తుందని" అంది అమ్మ వంటింట్లోంచి.

నేను పకపకా నవ్వాను. నాన్న నవ్వలేదు. అసిస్టెంటుగా చేరిన కొత్తలో ఒక చలికాలం పొద్దున్న, పొగమంచులో సిగ్నల్ దగ్గరికొచ్చేదాకా కనబడలేదట. పెద్ద డ్రైవరు బ్రేకు వేస్తే బండి దీపానికి నాలుగడుగుల ఇవతల ఆగిందట. "వెనకాల పన్నెండు డబ్బాల జనం నిద్దరోతున్నారు. వాళ్ళకేటీ తెలీదు. నేను మాత్రం తరవాతి స్టేషన్ దాకా రెప్ప వాల్చలేదు" అన్నాడు. ఆ కథ నేను అంతవరకూ వినలేదు.

రాత్రి భోజనాలయ్యాక ఆ ఏడుగురూ ఎవరా అని చూశాను. అందరూ ఆడవాళ్ళే. ఒకరైతే మా అమ్మే!

"ఎర్రది శుభం కదేటి! చూడగానే నొక్కేశాను" అంది.

మర్నాడు బటన్‌ని ఆకుపచ్చగా మార్చాను. ఇక చూడండి. కాలనీలోని రిటైర్డ్ డ్రైవర్లు, గార్డులు, స్టేషన్ మాస్టర్లు అందరికీ ఒక్కసారిగా లైన్ క్లియర్ వచ్చినట్టయింది. బీర్‌గావ్‌లో ఉండే ఒక ఫ్యాక్టరీ ఉద్యోగి ఇంటికి ఒకే పొద్దున్న నాలుగు కుటుంబాలు ఫోన్ చేశాయి. నిశ్చితార్థం అయిపోయిన కుర్రాడికి కూడా ఇద్దరు పిల్లనిస్తామన్నారు. "ఫోన్ మోగుతూనే ఉంది, స్నానానికి కూడా వెళ్ళనివ్వడం లేదు. ఆపు తల్లీ!" అని బాబాయి మొత్తుకున్నారు.

ఎవరింత జోరుగా నొక్కుతున్నారా అని చూస్తే, జాబితా మొదట్లో మా నాన్న పేరే ఉంది. నాకు చెప్పకుండా నా వివరాలు ఎక్కించేసి, తొమ్మిది సంబంధాలకి బటన్ నొక్కాడు.

"నాన్నా!"

"పచ్చ దీపం ఇచ్చింది నువ్వే కదే. ఇచ్చాక బండి ఆపితే నన్నే కదా అడుగుతారు" అన్నాడు, పేపరు మీంచి తలెత్తకుండా.

చివరికి పసుపు రంగు పెట్టి, 'ఇంట్లో అందరితో మాట్లాడారా?' అని ఒక ప్రశ్న చేర్చాను. జోరు తగ్గింది. అది పసుపు వల్లో ప్రశ్న వల్లో నేటికీ నాకు తెలీదు. ఆఫీసులో మాత్రం పసుపు వల్లేనని గట్టిగా చెప్పాను.

ఈలోగా ఆ తొమ్మిదింటిలో ఒకరు, భిలాయ్ వాళ్ళు, ఆదివారం చూసుకోడానికి వచ్చారు. అబ్బాయి నెమ్మదస్తుడు. ఏదో ఆఫీసు ఉద్యోగం. ఫలహారాలయ్యాక నాన్న గర్వంగా ఫోన్ తీసి, "ఇదంతా మా అమ్మాయి చేసిందే బాబూ. ముందు ఎర్రది పెట్టింది, తరవాత పచ్చది. నీకేది నచ్చింది?" అని అడిగాడు.

అతను కొంచెం తడబడ్డాడు. "మధ్యలో రంగు మార్చారాండీ? నాకు రెండూ ఒకలాగే కనబడ్డాయి" అన్నాడు.

నాన్న ఫోన్ కింద పెట్టి అతని వైపు చూశాడు.

"రైల్వేకి రాత పరీక్ష పాసయ్యాను అంకుల్. మెడికల్లో పోయింది. ఎరుపూ పచ్చా సరిగా తేడా తెలీదు నాకు. ముందే చెప్పడం మంచిదని..."

నాన్న మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళాడు. ఆయన గుసగుసలు వీధిలోకి కూడా వినబడతాయి. "సిగ్నల్ కనబడనోడికి పిల్లనిస్తామేటే?"

"మనమేమైనా ఇంజన్ తోలిస్తామేటి అతని చేత?" అంది అమ్మ.

నవ్వు ఆపుకోడానికి నేను తల వంచుకున్నాను. తలెత్తేసరికి అతనూ అదే పనిలో ఉన్నాడు. సైట్ ఎలా ఉందని అడిగాను. మొహమాటపడకుండా చెప్పాడు. రంగు సంగతి తనకి తెలీదు కానీ, బటన్ మీద అక్షరాలు మరీ సన్నగా ఉన్నాయట. తన తల్లికి చదివి వినిపించాల్సి వచ్చిందట. ఇన్నాళ్ళూ రంగులు మార్చిన నాకు ఆ అక్షరాల మీదకి చూపే పోలేదు. ఆ సాయంత్రమే వాటిని లావు చేశాను. అతని ఫోన్ నెంబరు కూడా తీసి పెట్టుకున్నాను, సందేహాలుంటే అడగడానికి. సందేహాలు చాలానే వచ్చాయి.

నాన్న ఒప్పుకోడానికి రెండు నెలలు పట్టింది. పెళ్ళి కుదిరాక అమ్మ, నేను, అతను కలిసి పండ్రి బట్టల బజారుకి వెళ్ళాం. కొట్టతను పరిచిన చీరలన్నీ నేను రంగు చూసి తోసేస్తుంటే, అతను పక్కన కూర్చుని అంచులు వేళ్ళతో తడిమి చూస్తున్నాడు. అడుగు నుంచి ఒకటి లాగి, "ఈ బూడిద రంగుది తీసుకో, మెత్తగా ఉంది" అన్నాడు.

"అరే భయ్యా, యే తో గులాబీ హై!" అని కొట్టతను లబలబలాడాడు.

గులాబీ రంగు నాకు నప్పదని చిన్నప్పటి నుంచీ నా గట్టి నమ్మకం. అయినా తీసుకున్నాను. ఉతికిన కొద్దీ ఇంకా మెత్తబడింది ఆ చీర. ఈ మధ్య అమ్మ ఒక్కసారి కట్టుకుని ఇస్తానని పట్టుకెళ్ళింది. ఇంకా ఇవ్వలేదు.