నారాయణమ్మ గొంతు

నిన్న సాయంత్రం మలేషియాలోని సైబర్‌జయలో ఆఫీసు నుంచి ఇంటికి వస్తుంటే, మా అపార్టుమెంటు వెనక రోడ్డు వారన ఎవరో కాగితాలు కాలుస్తున్నారు. చైనీయుల ఏడో నెల నడుస్తోంది. పోయినవాళ్ళు భూమ్మీదికి వచ్చి తిరిగే నెల అని వాళ్ళ నమ్మకం. కారు అద్దం కొంచెం దించి ఉందేమో, పొగ లోపలికి వచ్చింది. అగరొత్తుల వాసన, బంగారు రంగు పూసిన కాగితం కాలే చేదు వాసన, వానకి తడిసిన గడ్డి వాసన కలిసి గొంతులో పట్టుకున్నాయి. కారు పక్కకి ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను. న్యాయంగా ఆ వాసనకి నాకు మా అమ్మ గుర్తు రావాలి. అమ్మ చైనీయురాలు. ఏటా ఆ నెలలో ఇంటి ముందు పాత బిస్కెట్ల డబ్బాలో కాగితాలు కాల్చేది. కానీ నాకు గుర్తొచ్చేది మాత్రం గౌరమ్మ మామ్మ.

గౌరమ్మ మామ్మ మేమున్న ఊరు సుంగై సిపుట్‌లో మా పక్కింటావిడ. శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి ఓడెక్కి వచ్చినవాళ్ళ మనవరాలు. తోటలోనే పుట్టి, తోటలోనే పనిచేసి, తోట వాళ్ళు రబ్బరు చెట్లు కొట్టేసి పామాయిల్ మొక్కలు వేసినప్పుడు ఊళ్ళోకి వచ్చి స్థిరపడింది. నేను చూసేనాటికి ఆమెకి రెండు కళ్ళూ కనబడవు. వెనక వసారాలో, బట్టలారేసే తీగ కింద, ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉండేది. నాకు తెలుగు నేర్పింది ఆవిడే. నన్ను చూసి మా తెలుగువాళ్ళెవరూ తెలుగు పిల్ల అనుకోని రోజుల్లో, నన్ను చూడకుండానే తెలుగు పిల్ల అన్నది కూడా ఆవిడే.

మా నాన్న అప్పారావు తెలుగువాడు, లారీ నడిపేవాడు. నాకు రూపమంతా అమ్మ దగ్గర్నుంచే వచ్చింది. తెల్లటి ఒళ్ళు, చిన్న కళ్ళు, సాఫీగా జారిపోయే జుట్టు. బడిలో టీచరు 'లక్ష్మి అప్పారావు' అని పిలిచి, చెయ్యెత్తిన నన్ను దాటి వెనక బెంచీల్లో ఆ పేరుకి తగిన పిల్ల కోసం వెతికేది. ఇంట్లో అమ్మ నాతో కాంటనీస్ మాట్లాడేది. నాన్న మలాయ్ మాట్లాడేవాడు. స్నేహితులతో గంటలకొద్దీ తెలుగు మాట్లాడే మనిషి నాతో మాత్రం ఒక్క తెలుగు ముక్క మాట్లాడేవాడు కాదు. నేను పక్కన కూర్చుని విని, అర్థం చేసుకుని, పైకి అనకుండా ఉండేదాన్ని. నేను తెలుగులో ఏదైనా అనబోతే, "వద్దు, మలాయ్‌లో చెప్పు" అని ఆపేసేవాడు. ఎందుకో తెలిసేది కాదు.

నేను పుట్టింది ఈపో పట్నంలో. నాకు పదేళ్ళప్పుడు, చనిపోయిన వాళ్ళమ్మ ఇంట్లో ఉందామని నాన్న మమ్మల్ని సుంగై సిపుట్ తీసుకువచ్చాడు. వచ్చిన వారంలోనే అమ్మ ఎర్రచిక్కుడు గింజల పాయసం కాచి, గిన్నెలో పోసి, పక్కింటికి ఇచ్చి రమ్మంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. నాన్న లేడు కదా అని, గుడిలో ఆడవాళ్ళు పిలుచుకునే తీరులో గట్టిగా పిలిచాను.

"ఓలమ్మా, ఇంట్లో ఎవులైనా ఉన్నారా?"

లోపల ఏదో దంచుతున్న చప్పుడు ఆగిపోయింది. చాలాసేపటికి ఒక గొంతు వినబడింది.

"నువ్వు సచ్చిపోనావు కదే నారాయణమ్మా. మల్లీ ఏటికొచ్చినావు?"

ఆ గొంతులో భయం లేదు. అప్పుడే వెళ్ళి మళ్ళీ వచ్చిన ఇరుగమ్మని విసుగ్గా పలకరించినట్టు ఉంది. నేను కదల్లేదు. "ఆడు బాగున్నాడు. పక్కింట్లోకే వచ్చినాడు. సూసుకోని పో" అంది మళ్ళీ. గిన్నె గడప మీద పెట్టి ఒక్క పరుగున ఇంటికి వచ్చిపడ్డాను.

నాన్న వచ్చాక చెప్పాను. "ఏ భాషలో పిలిచావు?" అన్నాడు మలాయ్‌లో. తెలుగులో అన్నాను. ఆయన అన్నం ముందు చెయ్యి కడుక్కుని కూడా తినకుండా కూర్చున్నాడు. అమ్మ గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు. నారాయణమ్మ అంటే నాన్న వాళ్ళమ్మ. నేను పుట్టకముందే పోయింది. "దీనికి మాటలొచ్చిన కొత్తలో ఒకసారి నన్ను వెనక నుంచి 'అప్పారావూ' అని పిలిచింది. పిల్లలు పిలుస్తారు కదా, అలాగే. నేను వెనక్కి తిరగలేకపోయాను. అది మా అమ్మ" అన్నాడు. ఆ రోజు నుంచీ నాతో తెలుగు మాట్లాడ్డం మానేశాడట. మలాయ్ మాట్లాడేటప్పుడు ఆ గొంతు నాలో ఉండదట.

మర్నాడు బడి నుంచి వస్తూనే ఆ ఇంటికి వెళ్ళాను. భయం లేక కాదు. అన్నేళ్ళుగా తెలుగువాళ్ళ వైపు ఎవరి పోలికా నాకుందని ఎవరూ అనలేదు. గౌరమ్మ మామ్మ కూతురు సింహాచలం నన్ను చూసి "సీనా పిల్లొచ్చినాదే" అంది తల్లితో. ఆమెని నేను వరసకి అత్తా అని పిలిచేదాన్ని. భర్త పోయి తల్లి దగ్గరే ఉండేది. మామ్మ నవ్వి, "నా పక్కన కూకోయే. సుమ్మా మాటాడు. ఏదో ఒకటి మాటాడు" అంది. అలా మొదలైంది. నేను తప్పుగా అన్న మాటని ఆమె సరిచేసేది. వంకాయ, వాన, జ్వరం, సిగ్గు, ఒక్కొక్క మాటా ఆమె నోటి నుంచి నా నోటికి వచ్చింది. కొన్నాళ్ళకి నాకొక సంగతి తెలిసింది. లక్ష్మితో మాట్లాడేటప్పుడు మామ్మ ముఖం నా వైపు తిప్పేది. నారాయణమ్మతో మాట్లాడేటప్పుడు ముఖం గోడ వైపుకి తిప్పుకునేది. మాటల మధ్యలో, ఏ ముందస్తు సూచనా లేకుండా ఆ తల మెల్లగా గోడ వైపు తిరిగేది. "నువ్వు అప్పుడు కోప్పడ్డావు గానీ, నాను కావాలని రానేదే" అనేది. నాకు వీపు మీద నీళ్ళు పోసినట్టయ్యేది. అయినా లేచి వెళ్ళిపోయేదాన్ని కాదు.

ఒకరోజు నా ముఖం తడిమి చూస్తానంది. నుదురు, కనుబొమలు, ముక్కు దూలం, చెవి తమ్మెలు, ఎంతో నిదానంగా తడిమింది. వేళ్ళు కనురెప్పల మీద ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వెతికాయి. తర్వాత చెయ్యి తీసేసుకుంది.

"నేదు" అంది.

"ఏటి నేదు మామ్మా?"

"మొకం మీ అమ్మోలది. గొంతుక నారాయణమ్మది. ఇంకెవులూ నేరు."

 నేనేదో తక్కువైనట్టు, ఆమెకి ఇవ్వాల్సినదేదో నా దగ్గర లేకపోయినట్టు అనిపించింది. దేనికోసం వెతికిందో అర్థం కావడానికి ఏళ్ళు పట్టింది.

ఇదంతా అమ్మకి నచ్చేది కాదు. తెలుగువాణ్ణి చేసుకున్నందుకు పుట్టింటివాళ్ళు ఆమెని గడప తొక్కనివ్వలేదు. నేనొక్కదాన్నే ఆమెకి మిగిలిన చుట్టం. ఏడో నెల వచ్చిందంటే నన్ను పక్కింటికి వెళ్ళనిచ్చేది కాదు. "ఈ నెలలో ఎవరు పిలిచినా వెంటనే పలకకు. నీది కాని పేరుతో పిలిస్తే అసలే పలకకు. నా వాళ్ళందర్నీ వదులుకున్నాను. నిన్ను తీసుకెళ్ళి చచ్చిపోయిన మనిషికి ఇవ్వలేను" అనేది, డబ్బాలో కాగితాలు ఎగదోస్తూ. ఆ రోజుల్లోనే నాన్న చూపు తగ్గడం మొదలైంది. పగలు బాగానే ఉండేది. పొద్దువాలితే గుమ్మంలో చెప్పులు కూడా కాళ్ళతో తడుముకునేవాడు. చీకటి పడకముందే లారీ షెడ్డులో పెట్టేసి వచ్చేవాడు. ఈపోలో కళ్ళ డాక్టరు, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగితే, ఎవరికీ లేదని చెప్పాడు.

నా పదిహేడో ఏట, ఏడో నెలలోనే, గౌరమ్మ మామ్మ మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం సింహాచలం అత్త వచ్చి మా గుమ్మంలో నిలబడింది. "అమ్మ నారాయణమ్మని పిలిసీమంటోంది. నువ్వొక్కపాలి రాయే" అంది. ఆమె నన్ను లక్ష్మీ అని కూడా అనలేదు. అమ్మకి తెలుగు రాదు గానీ ఆ పేరు తెలుసు. నా మణికట్టు పట్టుకుంది.  అమ్మ నా ముఖంలోకి చూసి, "పద. నేనూ వస్తాను" అంది.

మంచం పక్కన నేను కూర్చుంటే, అమ్మ నా చెయ్యి వదలకుండా వెనక నిలబడింది. మామ్మ ముఖం గోడ వైపుకి ఉంది.

"వచ్చినావా?"

"వచ్చినాను" అన్నాను.

"పిల్లడు కడుపులో ఉండగా నా పెనిమిటి పోనాడు. సింహాచలాన్ని సాకడానికే నా వల్ల కానేదు. నీకు పుట్టినోల్లు పుట్టినట్టే పోనారు. బొడ్డూడక ముందే ఆడ్ని నీ ఒల్లో ఎట్టినాను. ఆడికి ఎప్పుడూ సెప్పనని దీపం ముందు మాటిచ్చినాను. సెప్పినానా?"

 "నేదు" అన్నాను.

"నువ్వు తోట ఒగ్గి ఊల్లోకొస్తే నానూ వెనకే వచ్చి పక్కిల్లు తీసుకున్నాను. ఆడు అత్తా అని పిలిస్తే పలికినాను. నువ్వు పోనాకైనా సెప్పనేదు. నాను మాట తప్పుతానేమో సూడ్డానికే నువ్వీ గుంట గొంతుకలోకి వచ్చి కూకున్నావు, నాకు తెలుసు. ఇంక నా వల్ల కాదే. ఒక్కపాలి ఆడి సేత అమ్మా అనిపించుకోనీ. ఒప్పుకుంటావా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అమ్మ వేళ్ళు నా మణికట్టు మీద బిగిశాయి. మా నాన్నకి చెప్పకుండా, ఆయన తల్లి తరఫున ఒప్పుకోవడానికి నేనెవర్ని? ఒప్పుకోనంటే ఆ గోడ వైపు చూస్తూనే పోతుంది. నేను నోరు తెరిచాను.

"ఒప్పుకున్నాను. పిలిపించుకో, గవిరీ."

మామ్మ తల ఒక్కసారిగా నా వైపు తిరిగింది. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. సింహాచలం అత్త గుమ్మం దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గవిరి అన్నది మామ్మని చిన్నప్పుడు తోటలో పిలిచిన పేరని, అలా పిలిచిన మనిషి నారాయణమ్మ ఒక్కతేనని తర్వాత అత్త చెప్పింది. ఆ పేరు నేను ఎక్కడా వినలేదు. ఎప్పుడో విని మరిచిపోయానేమో. అలా అనుకోవడమే సుఖం.

బయటికి వచ్చాక అమ్మ అడిగింది. "చివర ఒక మాట అన్నావు. ఏమిటది?"

"నాకు తెలీదమ్మా."

"ఆ ఒక్క క్షణం నువ్వు నా కూతురిలా కనబడలేదు" అని, నన్ను గట్టిగా కావలించుకుంది.

సాయంత్రం నాన్న వచ్చాడు. నేను తెలుగులో చెప్పడం మొదలుపెడితే చెయ్యెత్తి ఆపాడు. "మలాయ్‌లో చెప్పు తల్లీ. ఈ సంగతి ఆవిడ గొంతుతో నేను వినలేను" అన్నాడు. మలాయ్‌లో చెప్పాను. పెరట్లో అటూ ఇటూ తిరిగాడు. పొద్దువాలిపోతుండగా పక్కింట్లోకి వెళ్ళాడు. ఆ గదిలో దీపం వెయ్యలేదింకా. ఆయనకి ఏమీ కనబడటం లేదు, గోడ తడుముకుంటూ మంచం దాకా వెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఎవులది?" అంది మామ్మ.

"నానే... అప్పారావుని." కొంచెం ఆగి, "అమ్మా" అన్నాడు.

ఆమె చెయ్యి గాలిలో వెతికింది. ఆయన చెయ్యి కూడా వెతికింది. ఆ రెండు చేతులూ ఒకదాన్నొకటి దాటిపోయి, మళ్ళీ వచ్చి, చివరికి దొరికాయి. మామ్మ ఆ చేతిని వదలకుండా పట్టుకుంది.

"గోడ అట్టుకోని వచ్చినావు. పొద్దోతే నీకు కళ్ళు ఆనవు గదా నాయినా?"

"ఆనవు."

"నాకూ అలగే మొదలయ్యింది" అంది. ఆ చేతిని నిమురుతూ, "నీకు పాలైనా సరిగ్గా ఇవ్వనేదు. ఇచ్చింది ఇదే" అంది.

నాన్న ఏడవడం అప్పుడే చూశాను. ఆమె బతికిన ఆ కొద్ది రోజులూ ఆయన పనికి వెళ్ళలేదు. చితి దగ్గర అందరూ చూస్తుండగా కొడుకు చెయ్యాల్సినవన్నీ చేశాడు. ఎవరూ కారణం అడగలేదు, లేక ఆ ఊళ్ళో పాతవాళ్ళందరికీ ముందే తెలుసేమో. నేను వరసకి పిలిచిన అత్త నిజంగానే అత్త అయింది. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, అడక్కుండానే నాన్న చెప్పాడు. "మా అమ్మకి ఉండేది."

నాకూ ఉందని ఈమధ్యే తేలింది. నెమ్మదిగా వస్తుందట, చాలా ఏళ్ళు పడుతుందట. చెబితే నమ్మరు గానీ, ఆ మాట విన్నప్పుడు నాకు మొదట కలిగింది బాధ కాదు. ఆ రోజు మామ్మ వేళ్ళు నా కనురెప్పల మీద కాసేపు ఆగి, అక్కడ తన జాడ ఏమీ లేదనుకుని వెళ్ళిపోయాయి. ఉంది మామ్మా, అక్కడే ఉంది, నీ వేళ్ళ కిందే ఉంది అని చెప్పాలనిపించింది.

కళ్ళు ఎవరివో డాక్టర్లు చెప్పారు. ముఖం ఎవరిదో అద్దం చెబుతుంది. ఒక్క రక్తపు బొట్టు పంచుకోని నారాయణమ్మ నాలోకి ఎలా వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. గౌరమ్మ మామ్మ దగ్గర నేర్చుకున్నానని కొందరంటారు. ఆమె నాకు ఒక్క మాటైనా నేర్పకముందే ఆ గొంతుని గుర్తుపట్టింది కదా. నాన్న ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు, చూపు పూర్తిగా పోయింది. మలాయ్ వద్దంటాడు. తెలుగులోనే మాట్లాడమంటాడు, కళ్ళు మూసుకుని వింటాడు. నేను మాట్లాడతాను. మాట అయిపోయాక వెంటనే నోరు మూయను. నాది కాని మాట ఇంకొకటి వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగుతాను. ఇంతవరకూ రాలేదు. వస్తే ఆపను.